పాఠశాలా, పారశాలా?

పోయిన ఏడాది మన వార్షికోత్సవంలో వేదిక వెనక కట్టిన బ్యానరు చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎర్రటి వినైలు మీద పసుపుపచ్చ రంగులో, ఒక్కొక్కటి అడుగున్నర ఎత్తున, లడ్డూల్లా గుండ్రంగా, లావుగా ఉన్న అక్షరాలు. “అబ్బ, ఎంత కళగా ఉందండీ!” అని హాల్లోకి వచ్చిన ప్రతివాళ్ళూ అన్నారు. ఆ ఫాంటు ఎంచిన పుణ్యం నాదే కాబట్టి నేను కాస్త ఛాతీ విరుచుకునే తిరిగాను, ఓ అరగంట పాటు.

ఆ తర్వాత జరిగింది కూడా మీకు గుర్తుండే ఉంటుంది. మా రెండో తరగతి పాపను వేదిక మీదకు పిలిచి, “నీకు తెలుగు చదవడం వచ్చేసిందటగా, మన వెనకాల ఏం రాసుందో చదివి వినిపించు తల్లీ” అని మైకు చేతికిచ్చారు. పాప వెనక్కి తిరిగి, వేలితో చూపిస్తూ, ఒక్కో అక్షరమే కూడబలుక్కుని గట్టిగా చదివింది. “తె... లు... గు... పా... ర... శా... ల.” హాలంతా ఘొల్లుమంది. ఇండియా నుంచి వచ్చి ముందు వరసలో కూర్చున్న తాతగారొకరు “పార ఒక్కటేనా, గునపం కూడా ఉందా?” అన్నారు. మళ్ళీ నవ్వులు. ఆయన సరదాకే అన్నారు, ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. కానీ ఈ దేశంలో పుట్టిన ఏడేళ్ళ పిల్లకు పార అంటే ఏమిటో తెలియదు, గునపం అంటే అంతకన్నా తెలియదు. తను చదివింది తప్పని, ఆ తప్పుకు రెండు వందల మంది నవ్వారని మాత్రం తెలిసింది.

ఆ తర్వాత మూడు ఆదివారాలు ఆ పాప తరగతిలో నోరు విప్పి చదవలేదు. “ఆ రోజు కారులో ఇంటికి వెళ్తూ, నాకు తెలుగు రాదా అమ్మా అని అడిగిందండీ” అని వాళ్ళమ్మ చెప్పినప్పుడు నా ప్రాణం చివుక్కుమంది.

ఎందుకంటే అసలు తప్పు ఆ పాపది కాదు. ఆ రోజు అందరూ భోజనాలకు వెళ్ళాక నేను బ్యానరు దగ్గరికి వెళ్ళి చూశాను. అక్కడ నిజంగానే ‘పారశాల’ అని ఉంది. ‘ఠ’కూ ‘ర’కూ తేడా ఎంత? కడుపులో ఒక్క చుక్క. ఆ ఫాంటులో గీత చాలా లావు, లోపలి ఖాళీ చిన్నది, చుక్క మరీ చిన్నది. అది చాలదన్నట్టు “దూరానికి బాగా కనబడాలి, ఇంకొంచెం బొద్దుగా చెయ్యండి” అని ప్రింటు చేసేవాళ్ళకు చెప్పింది నేనే. అక్షరం చుట్టూ అదే రంగుతో అంచు కట్టేసరికి చుక్క వెళ్ళి చుట్టుగీతకు అతుక్కుపోయింది. నా కంప్యూటరు తెర మీద చూసుకున్నప్పుడు నాకు ‘పాఠశాల’ అనే కనబడింది. అక్కడ ఏముండాలో నాకు ముందే తెలుసు కదా! తెలిసినవాడి కన్ను లేని చుక్కను కూడా పెట్టుకుని చదువుతుంది. కొత్తగా నేర్చుకునే పిల్ల ఉన్నది ఉన్నట్టు చదివింది. హాల్లో ఉన్న రెండు వందల మందిలోనూ ఆ బ్యానరును సరిగ్గా చదివింది ఆ పాప ఒక్కతే.

ఈ సంగతి తర్వాత మన సావనీరు కమిటీలో పెద్ద చర్చే జరిగింది. కొందరిది ఒక మాట, కొందరిది ఇంకో మాట. నా అభిప్రాయం ఆ రెండింటికీ కుదరక, అక్కడ సగంలో ఆగిపోయి, ఇదిగో ఈ వ్యాసమై కూర్చుంది.

ఒక వర్గం వారి మాట ఇది: “ఈ అలంకారాలన్నీ మానేద్దాం. పుస్తకంలో ఏ అక్షరం ఉందో బ్యానరు మీదా అదే పెడదాం.” రెండో వర్గం వారిది: “అసలు తెలుగులో ఎందుకండీ, ఇంగ్లీషులోనే పెడదాం. పిల్లల స్నేహితులు వస్తారు, స్కూలు ప్రిన్సిపాలు వస్తారు, వాళ్ళూ చదవాలి కదా. కాకపోతే ఇండియన్ లుక్ ఉన్న ఫాంటు పెడదాం.”

రెండోదాని సంగతి ముందు చూద్దాం. ఆ ‘ఇండియన్ లుక్’ ఫాంటు మీరందరూ ఎరిగినదే. ఇంగ్లీషు అక్షరాలకు నెత్తిన హిందీలో మాదిరి అడ్డగీత పెట్టి, కింద వంపులు తిప్పి ఉంటుంది. ఇండియన్ రెస్టారెంట్ల బోర్డుల మీద, యోగా క్లాసుల కరపత్రాల మీద, మసాలా పొట్లాల మీద కనిపిస్తూనే ఉంటుంది. ఆ రకంలో బాగా చలామణీ అయినదాని పేరు సమర్కాన్, 1990లలో వచ్చింది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కాదనను. కానీ ఒక్కసారి ఆలోచించండి. తెలుగు అక్షరానికి నెత్తిన అడ్డగీత ఎక్కడుంది? మనది తలకట్టు. అక్షరం నెత్తిన చిన్న టిక్కు పెట్టినట్టుండే గుర్తు. అడ్డగీత దేవనాగరిది. తెలుగు నేర్పే బడికి, ఇంగ్లీషు అక్షరాలతో, హిందీ వేషం వేయించి బోర్డు కడితే అందులో మన తెలుగు ఏ మూలనుందో నాకైతే అర్థం కాలేదు.

ఈ వేషాల వ్యవహారం ఈ దేశంలో కొత్త కాదు. చైనీస్ రెస్టారెంట్ల మీద కనబడే కుంచెదెబ్బల్లాంటి ఇంగ్లీషు అక్షరాలున్నాయి చూశారూ, వాటి మూలం 1883లో క్లీవ్‌లాండ్ టైప్ ఫౌండ్రీ వేసిన ఒక అచ్చు. మొదట దాని పేరు ‘చైనీస్’, తర్వాత ‘మాండరిన్’ అయింది. దాన్ని వేసింది చైనావాళ్ళు కాదు. కానీ తర్వాత చైనాటౌన్‌లోని దుకాణాలవాళ్ళే దాన్ని తమ బోర్డుల మీద పెట్టుకున్నారు. గిరాకీ రావాలి, పాపం, వాళ్ళనేం అనగలం! కానీ అదే రకం అక్షరాలతో, చైనీయులను ఎగతాళి చేసే బొమ్మలతో 2002లో అబర్‌క్రోంబీ అండ్ ఫిచ్ కంపెనీ టీ షర్టులు అమ్మకానికి పెడితే ఏషియన్ విద్యార్థులు వీధికెక్కారు. కంపెనీ వాటిని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అలాగే 1923లో రుడాల్ఫ్ కోహ్ అనే జర్మన్ కళాకారుడు చెక్కిన న్యూలాండ్ అనే అచ్చు ఉంది. ఆయన దాన్ని ఆఫ్రికాను తలచుకుని చెయ్యలేదు. కానీ ఇప్పుడది ఎక్కడ కనిపించినా ‘అడవి, ఆఫ్రికా’ అని అర్థం. జురాసిక్ పార్క్ సినిమా పేరు కూడా దానితోనే రాశారు. అంటే అక్షరం వేసుకున్న బట్టలు కూడా మాట్లాడతాయన్నమాట. మరి మన బోర్డు ఏం మాట్లాడాలో మనం నిర్ణయించుకోవద్దూ? వచ్చిన అతిథులు చదవడానికి కింద మామూలు ఇంగ్లీషులో ఒక వరస రాస్తే సరిపోతుంది. ఆ అక్షరాలకు మనం ఏ తలపాగా చుట్టనక్కర్లేదు.

ఇక మొదటి వర్గం. “అలంకారాలు మానేద్దాం” అన్నవాళ్ళు. ఇందులో మా తోటి ఉపాధ్యాయులే ఎక్కువ, పిల్లల మంచి కోరే అన్నారు. పన్నెండేళ్ళుగా మన బడిలో ఒకటో తరగతి చెబుతున్న అక్కయ్యగారైతే, “ముందు ఒక్క రూపం స్థిరపడనివ్వండి బాబూ, తర్వాత మీ వేషాలు వేయించుకోండి” అని నా మొహం మీదే అన్నారు. ఆవిడ మాట ఒకటో తరగతి వరకూ నేను ఒప్పుకుంటాను. అక్కడికి మించి ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో చెప్పాలంటే ఓసారి మా ఊరు వెళ్ళి రావాలి.

నేను అక్షరాలు నేర్చుకున్నది బడిలో కాదనే చెప్పాలి. ఏలూరులో మా ఇంటి నుంచి బడికి నడిచే దారిలో పొడవాటి గోడ ఒకటుండేది. దాని మీద వారానికో కొత్త సినిమా పోస్టరు. పక్కన సున్నంతో తెల్లగా చేసి, నీలిమందుతో రాసిన సబ్బు ప్రకటనలు. ఆ పక్కన ఎన్నికల రాతలు. కిళ్ళీ కొట్టు బోర్డు, సైకిల్ షాపు బోర్డు, రిక్షా వెనక రాసిన పేర్లు, బస్సుల మీద ఊర్ల పేర్లు. ఒక్కచోట ఉన్న ‘అ’ ఇంకోచోట ఉన్నట్టు ఉండేది కాదు. పౌరాణిక సినిమా అయితే అక్షరాలకు కిరీటాలు, జానపదమైతే కత్తుల్లా మొనలు, దయ్యాల సినిమా అయితే నెత్తురు కారుతున్నట్టు గీతలు. మా నాన్న వేలు పట్టుకుని నడుస్తూ అవన్నీ పైకి చదువుకుంటూ వెళ్ళేవాణ్ణి. చదవలేకపోతే నాన్నను అడిగేవాణ్ణి. “అది ‘భ’ రా, పొట్ట కింద ఒత్తు చూడు” అనేవారు. అలా వంద వేషాల్లో చూశాం కాబట్టి వేషం వెనక ఉన్న మనిషి మాకు తెలిశాడు. పొరుగింటి బాబాయిని పంచెలోనూ, లుంగీలోనూ, ప్యాంటులోనూ, పెళ్ళికొడుకు ముస్తాబులోనూ చూసినవాడికి ఆయన ఎక్కడ ఎదురైనా గుర్తుపట్టడం కష్టం కాదు కదా. ఒక్క పాస్‌పోర్టు ఫోటోలోనే చూసినవాడి సంగతి వేరు.

ఆ గోడల వెనక ఎంతటి కళాకారులున్నారో తర్వాత తెలిసింది. బాపు గారి రాత గురించి నేను కొత్తగా చెప్పేదేముంది! బొమ్మ ఎంత ఆయనదో, పక్కన రాసిన అక్షరమూ అంత ఆయనదే. పుస్తకాల అట్టల మీద, సినిమా టైటిళ్ళలో, చివరికి మన పెళ్ళి శుభలేఖల మీద కూడా ఆ రాతే. ఆయన చేతిరాత పేరుతో తర్వాత కంప్యూటరు ఫాంట్లు కూడా వచ్చాయి. ఆయన 2014లో వెళ్ళిపోయారు, రాత మాత్రం ఇంటింటా ఉంది. ఆయన దర్శకత్వం వహించిన ‘సాక్షి’ 1967లో వచ్చింది. ఆ సినిమాతోనే పబ్లిసిటీ డిజైనర్‌గా అడుగుపెట్టిన ఈశ్వర్ గారు ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు తెలుగు పోస్టర్లను, సినిమా పేర్ల రాతను తీర్చిదిద్దారు. పాలకొల్లులో పుట్టిన ఆయన 2021లో చెన్నైలో కన్నుమూశారు. మా తరం వాళ్ళకు ఆయన పేరు తెలియకపోయినా ఆయన రాసిన అక్షరం తెలుసు. పోస్టరు మూల ఉండే చిన్న సంతకం మాత్రం చదివేవాళ్ళం.

మరి మన పిల్లలకు ఆ గోడ ఏది? ఇక్కడ ఫ్రీవే మీద వంద మైళ్ళు వెళ్ళినా ఒక్క తెలుగక్షరం కనబడదు. ఇండియన్ గ్రోసరీలో పప్పు పొట్లం మీద హిందీ ఉంటుంది, ఇంగ్లీషు ఉంటుంది. ఆవకాయ సీసా మీద చిన్నగా తెలుగు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. పిల్లలు తెలుగును చూసేది మన బడి పుస్తకంలో, అదీ ఒకే ఒక్క ఫాంటులో. అందుకని వాళ్ళకు వచ్చింది ‘ఠ’ కాదు, ‘ఆ ఫాంటులో ఉన్న ఠ’. వేసవి సెలవులకు హైదరాబాదు వెళ్ళిన మూడో తరగతి అబ్బాయి బస్సు మీద పేరు చదవలేక, “అది తెలుగు కాదు నాన్నా” అన్నాడట. అమ్మమ్మ చేత్తో రాసిన ఉత్తరం చదవలేని పిల్లలు మన దగ్గర ఎంతమంది లేరు? పుస్తకం గడగడా చదివేస్తారు, ఉత్తరం చదవలేరు. ఈ జబ్బుకు మందు రకరకాల అక్షరాలు చూపించడం, ఉన్న ఆ కాస్తా మానేయడం కాదు. వాళ్ళు తెలుగును పెద్దగా, రంగుల్లో, ముస్తాబుతో చూసేది ఏడాదికి ఒకటి రెండుసార్లు, మన బ్యానరు మీదే. దాన్ని కూడా బడి యూనిఫారంలో నిలబెడితే ఎలా?

అయితే ఏ ముస్తాబు వెయ్యాలన్నది అసలు ప్రశ్న. ఇక్కడ కాస్త సాంకేతిక గొడవలోకి వెళ్ళక తప్పదు, ఓపిక పట్టండి.

ఇంగ్లీషులో అక్షరాలను అలంకరించేవాడికి పని తేలిక. పెద్దవి ఇరవయ్యారు, చిన్నవి ఇరవయ్యారు. తెలుగులో హల్లులు ముప్ఫయ్యారు అనుకుంటే, ఒక్కోదానికి గుణింతం, మళ్ళీ ఒక్కోదానికి ఒత్తు. ముందే పోతపోసిన సీసపు అచ్చుల కాలంలో కంపోజిటరు ముందు వందల గళ్ళుండేవి. కంప్యూటరులో గళ్ళు పోయాయి కానీ ఆ వందల రూపాలు గీయడం పోలేదు. పైగా మన అక్షరాలు అన్నీ గుండ్రనివే, తేడాలన్నీ చిన్న చిన్న గుర్తుల్లోనే ఉంటాయి. ‘ఠ’ కడుపులో చుక్క పోతే ‘ర’. ‘థ’ కడుపులో చుక్క పోతే ‘ధ’. (కథను ‘కధ’ అని రాసేవాళ్ళు పెద్దవాళ్ళలోనే బోలెడుమంది, ఇక ఫాంటు కూడా తోడైతే చెప్పేదేముంది!) ‘ఫ’ కింద ఒత్తు అరిగిపోతే ‘ప’. ‘ష’ లోపలి గీత మూసుకుపోతే అదీ ‘ప’. అప్పుడు మన భాష కాస్తా ‘భాప’ అవుతుంది. అంటే లావుపాటి ఫాంటు గీసేవాడు గీత లావు చేసినంత సులువుగా ఈ ఖాళీలను వదిలెయ్యడానికి లేదు. అక్షరం లోపల గాలాడాలి.

రోజూ మనం చూసే ఆకుపచ్చ ఫ్రీవే బోర్డుల గొడవ కూడా ఇదే అంటే మీరు ఆశ్చర్యపోతారేమో. వాటి మీద దశాబ్దాలుగా వాడుతున్న అక్షరాలను హైవే గోథిక్ అంటారు. రాత్రిపూట హెడ్‌లైట్ల వెలుగు పడగానే మెరుపు చిమ్మి, ఆ అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోయినట్టు కనిపిస్తాయని, ముఖ్యంగా వయసు మళ్ళినవాళ్ళకు చదవడం కష్టమవుతోందని డాన్ మీకర్, జేమ్స్ మోంటాల్బానో అనే డిజైనర్లు లోపలి ఖాళీలు పెద్దవి చేసి క్లియర్‌వ్యూ అనే ఫాంటు తయారు చేశారు. ఫెడరల్ హైవే శాఖ దానికి 2004లో తాత్కాలిక అనుమతి ఇచ్చింది, 2016లో వెనక్కి తీసుకుంది, 2018లో మళ్ళీ ఇచ్చింది. అక్షరం పొట్టలో ఎంత ఖాళీ ఉండాలన్నది ఇంత పెద్ద ప్రభుత్వం పద్నాలుగేళ్ళు తేల్చుకోలేక తర్జనభర్జన పడిన విషయం. మనం మాత్రం బ్యానరు ఆర్డరు ఇచ్చే ముందు అయిదు నిమిషాలు కూడా ఆలోచించం. నేను ఆలోచించలేదు కాబట్టే చెబుతున్నాను.

ఇంకో చిక్కు ఒత్తులతో. తెలుగు మాట మేడలాంటిది. ‘స్త్రీ’ చూడండి, పైన గుడిదీర్ఘం, మధ్యలో ‘స’, కింద తావత్తు, దాంతోపాటు రావత్తు. ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’ కూడా అంతే. అలంకారం ఎక్కువైన ఫాంటులో రెండు వరసలు దగ్గరదగ్గరగా పెడితే పై వరస ఒత్తులు కింది వరస గుడుల నెత్తికెక్కుతాయి. మూడేళ్ళ కిందటి మన సావనీరులో దాతల పేర్ల పేజీ ఎవరైనా దాచుకుని ఉంటే తీసి చూడండి. రాజ్యలక్ష్మి గార్లందరికీ కింద ఒత్తులు తెగిపోయి ఉంటాయి. డబ్బిచ్చినవాళ్ళ పేర్లు కాళ్ళు విరిచి అచ్చేశాం! అది ఫాంటు తప్పు కాదు. శుభలేఖ మీద పెద్దగా రాయాల్సిన ఫాంటును పది పాయింట్లలో, రెండు కాలమ్స్‌లో ఇరికించినవాళ్ళ తప్పు. పట్టుచీర కట్టుకుని గిన్నెలు తోమమన్నట్టుంది.

ఇక ఫాంట్లు ఎక్కడ దొరుకుతాయి అంటే, ఒకప్పటి కష్టాలు ఇప్పుడు లేవు. ఈ దేశంలో మన సంఘాల తొలి పత్రికలు చేత్తో రాసి జిరాక్సు తీసినవే. 1990ల మొదట్లో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు ఇంగ్లీషు కీబోర్డు మీద తెలుగు కొట్టే ‘ఆర్.టి.ఎస్.’ పద్ధతి తయారు చేశారు. అది చాలామందికి తొలి తెలుగు అయింది. తర్వాత ఇండియాలో డి.టి.పి. ఫాంట్లు బోలెడు వచ్చాయి కానీ ఎవరి సంకేతాలు వాళ్ళవి, ఒకరి ఫాంటులో కొట్టింది ఇంకొకరి దగ్గర పిచ్చిగీతలు. యూనికోడ్ వచ్చాక తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు తయారు చేసి ఉచితంగా ఇచ్చారు, విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి వచ్చింది. బతికాం అనుకున్నాం. కానీ శీర్షికకూ అదే, వ్యాసానికీ అదే, శ్రద్ధాంజలికీ అదే, శుభాకాంక్షలకూ అదే.

ఆ కరువు తీర్చింది కూడా మన అమెరికా తెలుగువాళ్ళే కావడం నాకు గర్వంగా ఉంటుంది. 2011 తర్వాత రెండు మూడేళ్ళలో సిలికానాంధ్ర సంస్థ వరసగా యూనికోడ్ ఫాంట్లు తెచ్చి, ఎవరైనా వాడుకునేలా ఉచిత లైసెన్సుతో వదిలింది. పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన, రామభద్ర, సూరన, రామరాజ, తెనాలి రామకృష్ణ. అష్టదిగ్గజాలు ఎనమండుగురూ ఉన్నారు, పైన శ్రీకృష్ణదేవరాయ కూడా. భువనవిజయం మొత్తం మీ ల్యాప్‌టాప్‌లో కొలువు తీరిందన్నమాట. గిడుగు, గురజాడ కూడా ఉన్నారు. వాటిలో చాలావాటికి తెలుగు అక్షరాలు గీసింది గుత్తుల పురుషోత్ కుమార్ గారు. రవిప్రకాష్, లక్కిరెడ్డి అనే రెండిటినీ దర్భా అప్పాజీ అంబరీష గారు గీశారు. ఈ రెండూ, ధూర్జటి, రామభద్ర పెద్ద సైజుల్లో శీర్షికలకు, పోస్టర్లకు ఉద్దేశించినవి. లక్కిరెడ్డి చేతిరాత వాటంగా ఉంటుంది, రామభద్ర మంచి దిట్టంగా నిలబడుతుంది. తర్వాత ముంబయికి చెందిన ఎక్ టైప్ వాళ్ళు ‘బలూ తమ్ముడు’ అని బొద్దుగా నవ్వుతున్నట్టుండే ఫాంటు ఒకటి వదిలారు. ఆ పేరు చూసి మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. అన్నట్టు, తెలుగు తొలి అచ్చు పుస్తకాలు వచ్చింది కూడా పరదేశంలోనే. 1740లలో జర్మనీలోని హాలే పట్టణంలో బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ వేయించాడు. కాబట్టి సముద్రాలు దాటి వచ్చి తెలుగు అక్షరాలు పోతపోసుకోవడం మన అచ్చుకు పుట్టుకతో వచ్చిన అలవాటే.

సరుకు ఇంత ఉన్నా బ్యానర్లు పాడవుతూనే ఉన్నాయి, ఎందుకంటే ఎంచేవాడు పేరు రాసి చూసి ముచ్చటపడి పంపించేస్తాడు. నేను ఇప్పుడు చేసే పద్ధతి ఇది. ఏ ఫాంటు నచ్చినా ముందు దానిలో ‘పాఠం, కథ, భాష, ఫలం, స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి’ అని రాసి, కాగితం మీద ప్రింటు తీసి, గోడకు అంటించి, గది అవతలి మూలకు వెళ్ళి చూస్తాను. కళ్ళజోడు తీసేసి ఇంకోసారి చూస్తాను. అంచులు కట్టడం, నీడలు పెట్టడం లాంటివి పూర్తిగా మానేశాను. అలంకారం గీసినవాడు ఎంత పెట్టాలో అంత పెట్టాడు, మనం దానిమీద మళ్ళీ నగలు దిగేయడం ఎందుకు? ప్రింటు చేసేవాళ్ళ దగ్గర ఒక జాగ్రత్త. వాళ్ళకు తెలుగు రాదు. ఫోటోషాపులోనో ఇన్‌డిజైన్‌లోనో ‘వరల్డ్ రెడీ’ అనే సెట్టింగు పెట్టకపోతే ఒత్తులన్నీ విడిపోయి, పొల్లు పొల్లుగా వరసలో నిలబడతాయి. ఓసారి ‘స్వాగతం’ కాస్తా ‘స్ వాగతం’ అయి వచ్చింది. అందుకే అక్షరాలను బొమ్మగా మార్చి పిడిఎఫ్ పంపడం మేలు.

ఒకటో తరగతి అక్కయ్యగారికీ నాకూ చివరికి రాజీ కుదిరింది. ఒకటో తరగతి గదిలో పుస్తకం అక్షరం తప్ప ఇంకేదీ కనబడదు. రెండో తరగతి నుంచి మాత్రం వరండా గోడ నాది. ఆదివారానికో మాట, పది రకాల ఫాంట్లలో. పక్కనే ఒక తల్లి చేతిరాతలో, ఒక తాతగారి చేతిరాతలో అదే మాట. మొదటివారం ‘అమ్మ’, రెండోవారం ‘ఆవకాయ’. పిల్లలు వచ్చి ఏది బాగుందో, ఏది చదవడం కష్టంగా ఉందో స్టిక్కర్లు అంటిస్తారు. ఇంట్లో పాత శుభలేఖలు, సినిమా పోస్టర్ల బొమ్మలు, క్యాలెండర్లు ఉన్నవాళ్ళు దయచేసి పారెయ్యకుండా మాకు తెచ్చివ్వండి. పంచాంగం అట్టలైనా సరే.

అలాగే ఈ ఏడాది నుంచి బ్యానరు ప్రింటుకు వెళ్ళే ముందు రెండో, మూడో తరగతి పిల్లలకు చూపించి చదివించాలని కమిటీలో అడిగాను. “పిల్లలకేం తెలుస్తుందండీ?” అని ఒకరిద్దరు సణిగినా ఒప్పుకున్నారు. పోయిన నెలలో నాలుగు నమూనాలు ప్రింటు తీసి బల్ల మీద పరిచాం. కిందటేడు పారశాల అని చదివిన ఆ పాప ఇప్పుడు మూడో తరగతి. చేతులు వెనక్కి కట్టుకుని, ఇన్‌స్పెక్టరులా ఒక్కోదాని ముందూ నిలబడి చూసింది. మొదటిది బాగుందంది. రెండోది “చాలా డార్క్” అంది. మూడోదాని దగ్గర ఆగి, వంగి, వేలు పెట్టి అడిగింది: “అంకుల్, ఈ ఠలో డాట్ ఏదీ?”

నేను కళ్ళజోడు పెట్టుకుని చూశాను. లేదు. మూడోది తీసి చెత్తబుట్టలో వేశాం.